ఫిఫ్త్ వీల్‌లో మన వంట, మా గ్రే ట్యాంక్: ఆగస్ట్ నుంచి జనవరి దాకా నా అనుభవం

ఆర్‌వీ, అంటే వంటిల్లు, బాత్రూమ్ అన్నీ ఉండే చక్రాల ఇల్లు, కొనేముందు మాకు సలహా చెప్పిన ప్రతి ఒక్కళ్ళూ బ్లాక్ ట్యాంక్ గురించే భయపెట్టారు. టాయిలెట్ ట్యాంక్ కదా, అది జాగ్రత్త ఇది జాగ్రత్త అని గంటలు గంటలు చెప్పారు, గ్రే ట్యాంక్ దగ్గరకొచ్చేసరికి మాత్రం సబ్బు నీళ్ళే కదండీ ఏముంది అని వదిలేశారు. ఇప్పుడు నేను చెప్తున్నా, రోజూ పప్పూ కూరా చారూ వండుకునే ఇంట్లో అసలు పనంతా కిచెన్ గ్రే ట్యాంక్‌తోనే. బ్లాక్ ట్యాంక్ మమ్మల్ని ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. తెలిసినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఇల్లు కట్టించుకుంటూ మధ్యలో ఆర్‌వీలో ఉందామా అని అడుగుతున్నారు, వాళ్ళకి ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు జరిగింది జరిగినట్టు రాసేస్తున్నా.

మాది ఫిఫ్త్ వీల్, అంటే పికప్ ట్రక్‌కి తగిలించి లాగే రకం ఆర్‌వీ, 2018 మోడల్, 36 అడుగులు, సెకండ్ హ్యాండ్. టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన సెలీనాలో ఇల్లు కట్టిస్తున్నాం, అపార్ట్‌మెంట్ లీజ్ అయిపోయింది, బిల్డరేమో వచ్చే ఏప్రిల్ అంటున్నారు, మధ్యలో ఆ కొన్ని నెలలకి ఎవరూ మంచి రేటుకి ఇవ్వట్లేదు, అలా 2024 ఆగస్ట్ ఆఖరి వారంలో ఫుల్ హుకప్ (నీళ్ళు, కరెంట్, సీవర్ కనెక్షన్లు మూడూ) ఉన్న ఒక ఆర్‌వీ పార్క్‌లోకి మారాం. నేను, మా ఆయన, థర్డ్ గ్రేడ్ చదివే పాప. మా దాంట్లో గ్రే ట్యాంకులు రెండు. షవర్, వాష్‌బేసిన్ నీళ్ళు ఒకదాంట్లోకి, కిచెన్ సింక్ నీళ్ళు ఇంకోదాంట్లోకి. ఒక్కోటి 40 గ్యాలన్లు, అంటే సుమారు 150 లీటర్లు, నిండితే 330 పౌండ్ల పైన బరువు. అంత బరువున్న ట్యాంక్ నుంచి బయటికొచ్చే పైపు చూస్తే ఒకటిన్నర అంగుళం నల్ల ఏబీఎస్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) పైపు, జాయింట్లన్నీ గ్లూ పెట్టి అతికించినవి, రోడ్డు మీద కుదుపులన్నీ తగిలేది ఆ జాయింట్లకే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

మాకు అమ్మినాయన ఫుల్ హుకప్‌లో ఉన్నప్పుడు గ్రే వాల్వులు తెరిచే పెట్టుకోండి, నీళ్ళు వాటంతటవే పోతుంటాయి అన్నారు. సెప్టెంబర్ అంతా అలాగే పెట్టాం. రెండు వారాలకల్లా షవర్‌లో చిన్న చిన్న నల్ల ఈగలు, ఎంత తుడిచినా మళ్ళీ పొద్దున్నే వచ్చి కూర్చునేవి, అవి పార్క్ సీవర్ పైపులోంచి తెరిచున్న వాల్వ్ ద్వారా పైకి వస్తాయట. పక్క సైట్‌లో ఒక పెద్దాయన ఉంటారు, పన్నెండేళ్ళుగా ఆర్‌వీలోనే కాపురం, ఆయన మా హోస్ (బండి నుంచి పార్క్ సీవర్‌కి పెట్టే గొట్టం) చూసి ఆగి మరీ చెప్పారు. వాల్వ్ తెరిచి పెడితే నీళ్ళు సన్నగా జారిపోతాయి గానీ నూనె, మడ్డి ట్యాంక్ అడుగునే ఉండిపోతుంది, అదే మూసిపెట్టి ముప్పాతిక నిండాక ఒక్కసారిగా లాగితే ఆ వేగానికి అంతా కొట్టుకుపోతుంది, పైగా బ్లాక్ ట్యాంక్ ఖాళీ చేశాక ఆ గ్రే నీళ్ళతోనే హోస్ కడుక్కోవచ్చు అన్నారు. ఆ రోజు నుంచి మూసిపెట్టడం మొదలుపెట్టాం. ఈగలు వారంలో పోయాయి.

వాసన మాత్రం పోలేదు. కిచెన్ సింక్ కింద తలుపు తీస్తే చాలు, పులిసిన పిండీ ఇంగువా కలిసిన కంపు. సింక్ కింద పీ ట్రాప్ (నీళ్ళు కాస్త నిలిచి వాసనని ఆపే వంపు పైపు) పక్కన నిలువుగా ఒక పైపు, దాని మీద నల్ల ప్లాస్టిక్ మూతలాంటిది ఒకటి ఉంటుంది, ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్ అంటారు. నీళ్ళు దిగేటప్పుడు అది గాలిని లోపలికి తీసుకుని మిగతా టైమ్ అంతా మూసుకుని ఉండాలి, మాది తెరిచిన చోటే బిగుసుకుపోయింది, అందుకే ట్యాంక్ గాలంతా ఇంట్లోకే వస్తోంది. చేత్తో తిప్పితే ఊడొచ్చింది, కొత్తది ఎనిమిది డాలర్లు, మార్చడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అంత చిన్న వస్తువు కోసం నెలరోజులు సాంబ్రాణి కడ్డీలు వెలిగించాను. ఆర్‌వీలో వాసనొస్తే మీరు ట్యాంక్‌లో మందులు పోసేముందు అది చూడండి, తర్వాత సింక్ కింద చేత్తో బిగించే ప్లాస్టిక్ నట్లు చూడండి, బండి కదిలిన ప్రతిసారీ అవి కాస్త లూజ్ అవుతాయి.

అక్టోబర్ మధ్యలో మా అమ్మ వచ్చింది గుంటూరు నుంచి, ఆరు నెలలు ఉండటానికి. ఇల్లు అయిపోతుందనుకుని ఎప్పుడో టికెట్ బుక్ చేసేశాం, తీరా అమ్మ దిగింది ఆర్‌వీలోకి. అమ్మ వచ్చాక వంట అసలైన వంట అయింది, దాంతో కిచెన్ ట్యాంక్ లెక్కే మారిపోయింది. అంతకుముందు వారంపైన పట్టేది నిండటానికి, ఇప్పుడు మూడు నాలుగు రోజులు. మినప్పప్పు కడిగిన నీళ్ళు, గ్రైండర్ కడిగిన నీళ్ళు, బియ్యం కడుగు, చింతపండు పిప్పి, నేతి గిన్నెలు, తాలింపు మూకుడు, ఇవన్నీ ఆ ఒక్క సింక్‌లోకే కదా. పిండి నీళ్ళు ట్యాంక్‌లో రెండు రోజులు ఉంటే పులుస్తాయి, నెయ్యీ నూనే చల్లబడి గోడలకి పట్టేస్తాయి, టెక్సస్ ఎండ తగ్గాక ఇంకా ఎక్కువ. ఇంట్లో గోడ మీద ట్యాంక్ ఎంత నిండిందో చూపించే లైట్లుంటాయి, మూడోవంతు, మూడింట రెండు వంతులు, ఫుల్ అని. అవి ట్యాంక్ గోడలోకి దిగిన చిన్న స్క్రూల లాంటి వాటితో పనిచేస్తాయి, వాటి మీద జిడ్డు పేరుకుంటే ఖాళీ ట్యాంక్ కూడా మూడింట రెండు వంతులు నిండినట్టే చూపిస్తుంది. దీపావళి అయిన వారానికి మా కిచెన్ లైట్ రెండు వంతుల దగ్గర ఆగిపోయింది, ఇవాళ్టికీ అక్కడే ఉంది. లైట్లని నమ్మడం మానేసి సింక్ శబ్దం వినడం అలవాటు చేసుకున్నాం, నిండబోయే ముందు నీళ్ళు దిగేటప్పుడు గడగడమని బుడగలు వస్తాయి. షవర్ వైపు ట్యాంక్ అయితే అదీ ఉండదు, నిండితే సరాసరి షవర్ అడుగునుంచి నీళ్ళు పైకొస్తాయి, ఎందుకంటే అన్నిటికంటే కిందున్న కన్నం అదే. అలా ఒకసారి పొద్దున్నే పాప స్నానం చేస్తుంటే పాదాలు మునిగాయి, ఏడ్చేసింది పిల్ల.

పెద్దాయన చెప్పిన ఇంకో ఉపాయం బియ్యం కడిగిన నీళ్ళు టాయిలెట్‌లో పోసెయ్యమని, బ్లాక్ ట్యాంక్‌కి ఎన్ని నీళ్ళు పోస్తే అంత మంచిది, కిచెన్ ట్యాంక్‌కీ బరువు తగ్గుతుంది. లెక్క ప్రకారం సరిగ్గా ఉంది గానీ అమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. "అన్నం వండుకునే బియ్యం కడిగిన నీళ్ళమ్మా, అక్కడ పోస్తారా ఎవరైనా" అంది. నాకూ మనసొప్పలేదు. బయట కుండీలో కరివేపాకు మొక్కుంది, మొదటి కడుగు దానికి, రెండో కడుగు గిన్నెలు నానబెట్టడానికి అని అమ్మే ఏర్పాటు చేసింది. మొక్కకి పోసే ఆ గిన్నెడు నీళ్ళు వేరు, గ్రే వాటర్ నేల మీద వదలడం వేరు, అది మా పార్క్‌లో అస్సలు ఒప్పుకోరు, హోస్ దగ్గర చుక్క పడినా ఆఫీస్ వాళ్ళొచ్చి చెప్తారు.

నవంబర్ 16, శనివారం. యుటిలిటీ బే అని బండి పక్కన ఉండే అరలో వాల్వులు తెరిచే పిడులు మూడుంటాయి, బ్లాక్, గ్రే ఒకటి, గ్రే రెండు. కిచెన్‌ది లాగడం అప్పటికే వారం పది రోజులుగా బరువుగా ఉంది. ఆ రోజు మా ఆయన లాగితే పిడి హాయిగా జారి బయటికొచ్చింది, హోస్‌లోకి మాత్రం నీళ్ళు రాలేదు. మళ్ళీ తోశారు, లాగారు, ఏమీ లేదు. ఆ పిడికీ లోపలున్న వాల్వ్‌కీ మధ్య సన్నటి ఉక్కు కేబుల్ ఉంటుంది ఒక గొట్టంలో, మా కిచెన్ వాల్వ్ బండి మధ్యలో ఎక్కడో ఉండటం వల్ల కేబుల్ ఆరడుగులు, రెండు చోట్ల మలుపులు తిరిగి వెళ్తుంది, అది తెగింది. వాల్వ్ మూసుకుని ఉంది. ట్యాంక్ దాదాపు నిండా ఉంది. వాల్వ్ ఎక్కడుందంటే బండి అడుగున బెల్లీ అని నల్ల ప్లాస్టిక్ షీట్ ఒకటి వాటంగా బిగించి ఉంటుంది, కోరోప్లాస్ట్ అంటారు, దానికి పైన.

సోమవారం నుంచి ఫోన్లు. డీలర్ సర్వీస్ సెంటర్ వాళ్ళు జనవరి రెండో వారం కంటే ముందు కుదరదన్నారు, అదీ బండి తెచ్చి అక్కడ పెట్టాలి, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేం అన్నారు. మేం అందులోనే ఉంటున్నామండీ, అది మా ఇల్లు అంటే అవతల అమ్మాయి సారీ అంది, అంతకంటే ఏం చెప్తుంది పాపం. ఇల్లు తీసుకెళ్ళి వాళ్ళ దగ్గర పెట్టి మేం అమ్మతో, పిల్లతో హోటల్‌లో ఎన్ని రోజులు ఉండాలి? ఆర్‌వీలో కాపురం ఉండాలనుకునేవాళ్ళు దీని గురించి కొనేముందే ఆలోచించుకోవాలి, మాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మాకు ఎక్స్‌టెండెడ్ వారంటీ లాంటి కాంట్రాక్ట్ ఒకటి ఉంది, ఆ కంపెనీ వాళ్ళకి ఫోటోలు పంపిస్తే కేబుల్ అరిగిపోయే వస్తువు కాబట్టి వర్తించదని నాలుగు రోజుల తర్వాత మెయిల్ పెట్టారు. చివరికి ఇంటికే వచ్చి చేసే మొబైల్ టెక్నీషియన్ ఒకాయన దొరికారు, థాంక్స్‌గివింగ్ హడావిడి అయ్యాక డిసెంబర్ 5 ఇచ్చారు. అంటే దాదాపు మూడు వారాలు.

ఆ మూడు వారాలు కిచెన్ సింక్ లేదు. గిన్నెలు ప్లాస్టిక్ టబ్బులో తోమి, ఆ నీళ్ళు జల్లెడలో వడకట్టి షవర్‌లో పోసేవాళ్ళం, ఆ వైపు వాల్వ్ బాగానే ఉంది కాబట్టి. దాంతో షవర్ ట్యాంక్ రెండు రోజులకే నిండేది. స్నానాలు ముందు తడుపుకుని నీళ్ళు ఆపి సబ్బు రాసుకుని మళ్ళీ నీళ్ళు వదిలి, అలా మిలిటరీ పద్ధతిలో. ఆర్‌వీ షవర్ కూడా నిమిషానికి ఒకటిన్నర రెండు గ్యాలన్లు పోస్తుంది, పది నిమిషాలు నిలబడితే సగం ట్యాంక్ అయిపోయినట్టే. మా అమ్మ అరవై ఎనిమిదేళ్ళ మనిషి, స్టూల్ వేసుకుని ఆ ఇరుకు బాత్రూమ్ గుమ్మంలో కూర్చుని గిన్నెలు తోముతుంటే చూడలేకపోయేదాన్ని. పేపర్ ప్లేట్లు తెచ్చాను, వద్దంది. "నేను ఖాళీగా కూర్చోవడానికి రాలేదు" అంది. అమెరికాలో కూతురు బాగుందని ఊళ్ళో అందరికీ చెప్పుకుని వచ్చిన మనిషి, రాత్రి నాన్నతో వీడియో కాల్‌లో మాత్రం ఈ గిన్నెల సంగతి ఒక్క ముక్క చెప్పలేదు, కెమెరా కూడా బెడ్‌రూమ్ వైపే తిప్పి మాట్లాడేది. అది గమనించిన రోజు నేను బయట కారులో కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

థాంక్స్‌గివింగ్ ముందు ఆదివారం ఇంకోటి కనిపించింది. బండి అడుగున బెల్లీ షీట్ ఒకచోట కిందికి ఉబ్బి వేలాడుతోంది, దాని అంచు నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు, ఆ వాసన ఏ నీళ్ళో చెప్పక్కర్లేదు. పెద్దాయన వచ్చి చేత్తో నొక్కి చూసి నీళ్ళు చేరాయి, అన్నిటికంటే కిందున్న చోట చిన్న కన్నం పెట్టి బకెట్ పట్టండి, లేకపోతే ఆ బరువుకి షీటే ఊడి పడుతుంది అన్నారు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే బకెట్ నిండింది, ఇంకో బకెట్ పెట్టాం, అదీ నిండింది. ఇదంతా తర్వాత అర్థమైంది ఏంటంటే ట్యాంక్‌కీ వాల్వ్‌కీ మధ్యలో ఉన్న చిన్న పైపు ముక్క జాయింట్ దగ్గర చీలింది. వాల్వ్ తెరిచి పెట్టుకున్న రోజుల్లో ట్యాంక్‌లో నీళ్ళు నిలవలేదు కాబట్టి లీక్ బయటపడలేదు, మూసిపెట్టడం మొదలుపెట్టాక కొంచెం కొంచెంగా కారి ఇన్సులేషన్ పీల్చుకుంది, కేబుల్ తెగి ట్యాంక్ నిండా ఆగిపోయాక ఆపకుండా కారింది. సెకండ్ హ్యాండ్‌ది కొనేటప్పుడు గ్రే ట్యాంకులు రెండూ వాల్వులు మూసి నిండా నింపించి, కనీసం ఒక రాత్రి అలా ఉంచి, పొద్దున్నే అడుగున పడుకుని చూడండి. ఇన్‌స్పెక్షన్ చేయించాం మేం, డబ్బులు కట్టి. అందులో ట్యాంకులు నింపి చూడటం లేదు.

డిసెంబర్ 5 మధ్యాహ్నం టెక్నీషియన్ వచ్చారు. ముందు హోస్ పెట్టి పార్క్ సీవర్‌కి బిగించి, ఆ తర్వాతే అడుక్కి వెళ్ళారు, ఆ వరస ముఖ్యమట. బెల్లీ ఒక పక్క స్క్రూలు తీసి దించితే తడిసిన ఫైబర్‌గ్లాస్ ఇన్సులేషన్ ముద్దలు ముద్దలుగా పడింది. వాల్వ్ దొరికాక శ్రావణంతో దాని రాడ్ పట్టుకుని లాగితే, మూడు వారాల నీళ్ళు ఒక్కసారిగా హోస్‌లోకి వెళ్ళిన చప్పుడు విన్నాను చూడండి, ప్రాణం లేచొచ్చింది. పాప చప్పట్లు కొట్టింది. కానీ ఆయన దగ్గర మూడంగుళాల వాల్వులే ఉన్నాయి, మాది ఒకటిన్నర. ఆర్డర్ పెట్టి మళ్ళీ 19న వస్తానన్నారు, మిగతా పనికి 950 డాలర్లు అవుతుందన్నారు. ఆ రోజుకి ట్రిప్ చార్జీ 125, రెండు గంటల పని 290, మొత్తం 415 ఇచ్చాం. పోతూ పోతూ మంచి మాట ఒకటి చెప్పారు. కిచెన్ వాల్వ్ ఇప్పుడు తెరిచే ఉంది, మూడు ట్యాంకుల పైపులూ చివర ఒకే మూడంగుళాల పైపులో కలుస్తాయి, కాబట్టి బ్లాక్ గానీ షవర్ గ్రే గానీ వదిలేటప్పుడు హోస్ ఏమాత్రం అడ్డుపడినా ఆ నీళ్ళు వెనక్కి తన్ని కిచెన్ ట్యాంక్‌లోకి వెళ్తాయి, హోస్ వాలు సరిగ్గా చూసుకుని పిడి సగమే లాగండి అని. వాలు అంటే ప్రతి అడుగుకీ పావు అంగుళం కిందికి ఉండాలి. ఆ రాత్రే హోస్ కింద పెట్టే ప్లాస్టిక్ స్టాండ్ కొన్నాం.

ఆ సాయంత్రం బెల్లీ తెరిచే ఉంది కదా, మేమిద్దరం టార్చ్ వేసుకుని కిందికి వెళ్ళి చూశాం. నాలుగు బోల్టులు, మధ్యలో వాల్వ్, రెండు పక్కలా రబ్బరు సీళ్ళు. ఇంతేనా అనిపించింది. ఇది మనం చేయగలం అని మా ఆయనతో నేనే అన్నాను. 19వ తారీఖు అపాయింట్‌మెంట్ కాన్సిల్ చేసి సామాను ఆర్డర్ పెట్టాం, వాల్వ్, 72 అంగుళాల కేబుల్, వాల్వ్ పక్కన పెట్టే ఏబీఎస్ ఫ్లాంజ్ (బోల్టులు పట్టే అంచున్న పైపు ముక్క), ఏబీఎస్ గ్లూ. పైపు ముక్క కోసం మా దగ్గర హార్డ్‌వేర్ స్టోర్‌కి వెళ్తే అంతా తెల్ల పీవీసీయే, నల్ల ఏబీఎస్ అస్సలు పెట్టరట. పీవీసీ గ్లూతో ఏబీఎస్ అతకదు, రెండిటికీ కలిపి వేరే గ్లూ ఉంటుంది గానీ ఆ కుదుపుల్లో దాన్ని నమ్మబుద్ధి కాలేదు. పెద్దాయన తన షెడ్‌లోంచి అడుగు పొడవు నల్ల పైపు తెచ్చిచ్చారు, డబ్బులిస్తే తీసుకోలేదు, అమ్మ గారెలు పంపింది.

డిసెంబర్ 14, శనివారం పొద్దున్న మొదలుపెట్టాం. అంతకుముందు రెండు రోజులు కిచెన్ ట్యాంక్‌లో వేడినీళ్ళు, డిష్ సోప్ పోసి వదిలి పోసి వదిలి కడిగాం, అయినా వాల్వ్ తీసినప్పుడు ఇంకో రెండు లీటర్లు పడ్డాయి, కింద టబ్బు పెట్టుకోండి. గ్లవ్స్, కళ్ళజోడు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి, నీళ్ళ కోసం కాదు, ఫైబర్‌గ్లాస్ దురద రెండు రోజులు వదలదు. పాత వాల్వ్ విప్పితే బ్లేడ్ (తెరుచుకుని మూసుకునే పలక) చుట్టూ మైనంలాంటి కొవ్వు, పసుపు రంగులో, వేలి మందాన, అందులో ఆవాలూ కరివేపాకు ఈనెలూ. కేబుల్ ఎందుకు తెగిందో అప్పుడు తెలిసింది, బ్లేడ్ ఆ కొవ్వులో బిగుసుకుంటే లాగిన బలమంతా కేబుల్ మీదే పడింది, దానికి తోడు ఫ్యాక్టరీలో కేబుల్‌ని ఒకచోట మరీ మడిచి బిగించారు, అక్కడే తెగింది. చీలిన పైపు ముక్కని ట్యాంక్ వైపు రెండంగుళాలు ఉంచి కోశాం. అక్కడ గ్లూ పెట్టకుండా రబ్బరు కప్లింగ్ వేశాం, ఫెర్న్‌కో అని దొరుకుతుంది, తొమ్మిది డాలర్లు, రెండు పక్కలా స్టీల్ క్లాంపులు బిగించడమే. గట్టి జాయింట్ కంటే కుదుపుకి అదే మేలని పెద్దాయన మాట, చలికి గ్లూ ఆరుతుందా లేదా అన్న బెంగ కూడా ఉండదు. ఇంకో పక్క ఏబీఎస్ గ్లూతో ఫ్లాంజ్ అతికించి, సీళ్ళకి సిలికోన్ గ్రీజు రాసి, వాల్వ్ మధ్యలోకి జార్చాం. పెట్రోలియం జెల్లీ రాయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. ఈ జార్చడమే అన్నిటికంటే కష్టం, సీల్ పెదవి ఒక పక్క మడతపడుతూ ఉంటుంది, ఒకళ్ళు పైపులు రెండూ దూరంగా లాగి పట్టుకోవాలి, ఇంకొకళ్ళు వాల్వ్ నెట్టాలి, ఒక్కళ్ళ వల్ల అయ్యే పని కాదు. బోల్టులు నాలుగూ మూల మూలకి మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి. కేబుల్‌ని ఎక్కడా మడత పడకుండా పెద్ద వంపు తిప్పి తీసుకెళ్ళి పిడికి కలిపాం. చీకటి పడింది.

వెంటనే బెల్లీ మూసెయ్యలేదు. జాయింట్లన్నిటికీ టాయిలెట్ పేపర్ చుట్టి, ట్యాంక్ నిండా మంచినీళ్ళు నింపి అలాగే వదిలేశాం, ఎక్కడ కారినా పేపర్ తడిసి తెలిసిపోతుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా వెళ్ళి చూస్తే పేపర్లన్నీ పొడిగా ఉన్నాయి. అమ్మని పిలిచి పిడి లాగమన్నాను. సింక్‌లో మొదట గిన్నె కడిగింది అమ్మే, కాఫీ గిన్నె. ఆ వారంలోనే కొత్త ఇన్సులేషన్ పెట్టి, పాడైన చోట కొత్త కోరోప్లాస్ట్ ముక్క వేసి అంచులకి టేప్ కొట్టి మూశాం, వాల్వ్ కింద మాత్రం స్క్రూలు తీస్తే చాలు తెరుచుకునేలా చిన్న తలుపు పెట్టాం. సామానంతా కలిపి 200 డాలర్లకి కాస్త అటూ ఇటూ, టెక్నీషియన్‌కి ఇచ్చిన 415తో కలిపితే 620 లోపే.

సరిగ్గా టైమ్‌కి మూసినట్టయింది. జనవరి 9న డాలస్ చుట్టుపక్కల మంచు పడింది, స్కూల్‌కి సెలవిచ్చారు. మా బండిలో హీటర్ గాలి కొంత బెల్లీలోకి వెళ్ళి ట్యాంకుల్ని వెచ్చగా ఉంచుతుంది, షీట్ తెరిచుంటే ఆ వెచ్చదనమంతా గాలికి పోయేది. ముందు రోజే ట్యాంకులన్నీ ఖాళీ చేసి, వాల్వులు మూసి, హోస్ తీసి కడిగి లోపల పెట్టేశాం, ఎందుకంటే హోస్‌లో సన్నగా జారే నీళ్ళే ముందు గడ్డకడతాయి. పార్క్‌లో రెండు మూడు బండ్ల వాళ్ళకి అలాగే హోస్ గొట్టం గొట్టంగా గట్టిపడింది. బయట అవుట్‌లెట్ చివర తిప్పి బిగించే అదనపు వాల్వ్ ఒకటి 22 డాలర్లకి కొన్నాం, లోపలి వాల్వ్ కొంచెం కారినా మూత తీసినప్పుడు చేతుల మీద పడకుండా అది ఆపుతుంది, నాకైతే ఇది ముందే కొనాల్సిన వస్తువు.

ఇప్పుడు మా వంటింట్లో మారినవి ఏంటంటే, మూకుడు, నేతి గిన్నె, పెరుగు గిన్నె, పచ్చడి జార్ ఏదైనా సరే ముందు పేపర్ టవల్‌తో తుడిచాకే సింక్‌లోకి. సింక్ కన్నానికి సన్నటి స్టీల్ జల్లెడ, పప్పు గింజ కూడా దాటదు. గంజి వార్చినా సలసల కాగేది సింక్‌లో పోయం, చల్లారాకే, ఆ పల్చటి ప్లాస్టిక్ పైపులు అంత వేడికి మెత్తబడతాయి. గ్రైండర్ కడిగిన రోజు రాత్రే కిచెన్ ట్యాంక్ వదిలేస్తాం, పులిసేదాకా ఉంచం. ఆదివారం ముందు బ్లాక్, తర్వాత కిచెన్, చివర షవర్, ఆ వరసలో, షవర్ నీళ్ళే అన్నిటికంటే శుభ్రం కాబట్టి హోస్ వాటితో కడిగినట్టవుతుంది. తర్వాత కిచెన్ ట్యాంక్‌లో కొంచెం నీళ్ళు, డిష్ సోప్, ఎంజైమ్ లిక్విడ్ పోసి మూస్తాం, సీసా పదిహేను డాలర్లు, రెండు నెలలు వస్తుంది. వాసన లేదిప్పుడు. లైట్ మాత్రం రెండు వంతుల దగ్గరే వెలుగుతోంది, ట్యాంక్ బయట అతికించే రకం సెన్సర్లు ఉంటాయి గానీ ఇంకో రెండు నెలలకోసం అంత ఖర్చు వద్దనుకున్నాం.

షవర్ వైపు పిడి కూడా ఈ మధ్య లాగడం కాస్త బరువెక్కింది. ఈసారి తెగేదాకా ఆగం, దానికీ వాల్వ్, కేబుల్ తెప్పించి పెట్టాం, ఉగాదికి ముందు ఒక శనివారం మార్చేస్తాం, పెద్దాయన కూడా ఉంటానన్నారు.